నోరు చూసి పాడేవాళ్ళు

నేను కండక్టర్ని. ఆర్కెస్ట్రా ముందు నిలబడి చేతులతో సంగీతాన్ని నడిపించడం నేను నేర్చుకున్న పని. అబుదాబీలో ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వి, ఆ తర్వాత "బాగుంది, మరి ఉద్యోగం ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఉద్యోగం జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో. ఓడల్లో వచ్చిన పెట్టెల మీద స్టిక్కర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే కొత్తవి అంటించడం. ఒక ఒపేరాను మొదటి నుంచి చివరిదాకా నా చేత్తో నడిపిన సాయంత్రం నా బతుకు మొత్తానికి ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ ఎలా సంపాదించుకున్నానో రాయడానికి కూర్చున్నాను. చదివాక నా మీద జాలి పడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాన్న నరసాపురంలో మిషన్ బడి మేస్టారు. గోడ మీద పెద్ద చార్టు వేలాడదీసి, దాని మీద నిలువునా రాసిన ద, ర, మ, ఫ, స, ల, ట అక్షరాలను బెత్తంతో చూపిస్తూ మాచేత కీర్తనలు నాలుగు గొంతుల్లో పాడించేవాడు. అయిదు గీతల మీద చుక్కలు పెట్టి రాసే అసలు స్వరలిపి నేను మద్రాసు వెళ్ళి పరీక్షలు కట్టినప్పుడు గానీ నేర్చుకోలేదు. తర్వాత తూర్పు ఐరోపాలో ఒక చిన్న ఊళ్ళో రెండేళ్ళు కండక్టింగ్ చదివాను. సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొస్తే ఇండియాలో నడిపించడానికి ఆర్కెస్ట్రా లేదు. దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు బడిలో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం దొరికింది. అప్పటికే అబుదాబీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న పాలకొల్లు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. ఆవిడే మా ఆవిడ. వారమంతా నేను దుబాయ్ నైఫ్‌లో మంచం ఒక్కటే అద్దెకిచ్చే బెడ్ స్పేస్‌లో, ఆవిడ అబుదాబీ దగ్గర బనియాస్‌లో. సెలవు రోజు ఇద్దరం బనియాస్‌లో.

2020లో బడులు ఫోన్లలోకి వెళ్ళాయి. లెక్కలు ఫోన్లో చెప్పవచ్చునట, సంగీతం మాత్రం ప్రస్తుతానికి అక్కర్లేదట. రెండు లైన్ల ఈమెయిల్‌తో నన్ను పంపించేశారు. వీసా పోతే మా ఆవిడే తన వీసా మీద నన్ను పెట్టుకుంది. "ఇక నుంచి మీ కఫీల్‌ని నేనే, మీ వీసా పూచీ నాది, చెప్పిన మాట వినాలి" అని నవ్వించబోయింది. నేను నవ్వలేదు. ఆ రోజుల్లో ఆవిడ పన్నెండు గంటలు కోవిడ్ వార్డులో ఉండి, ముక్కు మీద మాస్కు కోసిన గీతతో ఇంటికొచ్చేది. నాకు ఆ గీత కంటే నా ఉద్యోగం పోవడమే పెద్దగా కనిపించింది. అప్పుడే కాదు, చాలాసార్లు అంతే. కొన్ని నెలలకు జెబెల్ అలీ గోడౌన్‌లో ఈ స్టిక్కర్ల పని దొరికింది.

మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఆడవాళ్ళంతా కలిసి పాడే క్వయర్ ఒకటి ఉంది. ఇరవై ఎనిమిది మంది. ముప్పాతిక మంది నర్సులు, మా ఆవిడా వాళ్ళల్లోనే, మిగిలినవాళ్ళు అరబ్బుల ఇళ్ళల్లో పని చేసే గోదావరి జిల్లాల ఆడవాళ్ళు. వాళ్ళకు నేర్పడం మొదట్నించీ నా పనే. గుడి మూసేశాక ప్రాక్టీసు ఫోన్లోకి మార్చాం. ఫోన్లో అందరూ ఒకేసారి పాడితే ఒకరి గొంతు ఒకరికి ఆలస్యంగా చేరి గందరగోళం అయ్యేది. అందుకని అందరినీ మ్యూట్‌లో పెట్టించి, నేనొక్కణ్ణే కీబోర్డు వాయిస్తూ, ప్రతి లైనుకూ ముందు మాటను పెదాలతో పెద్దగా చూపించేవాణ్ణి. వాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు నా నోరు చూసి పాడేవాళ్ళు. ఎవరేం పాడారో నాకు వినపడేది కాదు. ఇరవై ఎనిమిది చిన్న గళ్ళల్లో ఇరవై ఎనిమిది నోళ్ళు కదలడం చూసేవాణ్ణి, అంతే.

పెదాలతో చూపించే ఈ పద్ధతి మొదట పెట్టింది ఒకావిడ కోసం. ఆవిడది ఆచంట దగ్గర పల్లె, మేమంతా ఆచంట పిన్ని అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. చదువు రాదు. క్వయర్ మొత్తంలో అలాంటి గొంతు ఇంకొకటి లేదు. పైస్థాయిలో కూడా చీలకుండా నిలబడే గొంతు. ఐరోపాలో చదువుకున్నప్పుడు జీతాలు పుచ్చుకుని పాడేవాళ్ళ దగ్గర కూడా అంత నిలకడ నేను చూడలేదు. "మాస్టారండీ, కాయితం నాకెందుకండీ. మీరు నోరు కదపండి సాలు, నేను పాడేత్తాను" అనేది. ఆవిడ కోసం కదిపిన నోరు అందరికీ అలవాటైపోయింది. గుడి తెరిచి, మాస్కులు తీసేశాక కూడా వాళ్ళు నా చేతులు చూడటం మానేసి నా నోరే చూసేవాళ్ళు.

ఇది తప్పని నాకు తెలుసు. క్వయర్‌కు మొదటి రోజు నేర్పాల్సింది చెయ్యి చూడమని. ఎవరి చెయ్యి అయినా సరే, అది పైకి లేస్తే ఊపిరి పీల్చాలి, దిగితే పాడాలి. నోరు చూసే అలవాటు నెల రోజుల్లో మాన్పించగలను. మాన్పించలేదు. నా నోరు తెరవకపోతే వాళ్ళ నోరు పెగలదు అనే సంగతి నాకు లోపల్లోపల చాలా హాయిగా ఉండేది. గోడౌన్‌లో నా మాట వినేవాడు ఒక్కడు లేడు. ఇక్కడ ఇరవై ఎనిమిది మంది నా పెదాల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు.

మాస్కులు తీసేసిన తర్వాతి చలికాలానికి ఒక ఈవెంట్ కంపెనీ ఒపేరా పెట్టదలచుకుంది. ఇటలీ భాషలో పాత ఒపేరా. మన పద్యనాటకంలాగే కథంతా పాటలోనే నడుస్తుంది. అందులో ఏటి ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్ళ గుంపు ఒకటుంది, మొత్తం నాలుగు చోట్ల వచ్చి పాడుతుంది. ఆర్కెస్ట్రా దొరికింది, ముఖ్య పాత్రలకు బయటి నుంచి గాయకులు దొరికారు, ఆ గుంపు దొరకలేదు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాద్ మనిషి. ఎవరో చెబితే మా గుడికి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని మా క్వయర్ విన్నాడు. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గీ గొంతులు గోదాముల పెట్టుకున్నవా నువ్వు? నాకియ్యి. కోరస్‌కు నేర్పు, ఆర్కెస్ట్రాకు రిహార్సల్స్ నువ్వే నడుపు. షోకు బయటికెల్లి సాబొస్తడు. రెండు షోలు. ఒకటి ఆయన, ఒకటి నువ్వు. జబాన్ ఇస్తున్న."

రెండో షో నాది. ఆ మాట విన్నాక అయిదు నెలలు నాకు ఇంకేదీ వినపడలేదు. మూడేళ్ళుగా స్టిక్కర్లు అంటించిన చేతులతో ఒక నిజమైన ఆర్కెస్ట్రాను, నిజమైన ఒపేరాను ఒక్క సాయంత్రం నడపాలి. నాకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

సెలవు రోజు మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. నర్సులు డ్యూటీలు మార్చుకుని వచ్చేవాళ్ళు. ఇటలీ మాటలు తెలుగు అక్షరాల్లో రాయించాను, పైన మా నాన్న పద్ధతిలో ద, ర, మ, ఫ వేయించాను. ఆచంట పిన్నికి నెలకు రెండు సగం రోజులే సెలవు. తను వంట చేసే ఇంటి మేడమ్‌తో బేరం పెట్టుకుని, క్రిస్మస్‌కు ఇచ్చే రెండు రోజులూ వదులుకుని, వాటి బదులు షోల రోజులు తీసుకుంది. "క్రిస్మస్ మళ్ళీ ఏడాది వత్తాది లెండి. ఇది రాదుగా" అంది. పండక్కి ఆవిడ గుడికి రాలేదు. ఆ రోజు మేడమ్ ఇంట్లో నలభై మందికి వంట.

ఆర్కెస్ట్రా రిహార్సల్స్ కూడా నడిపాను. అయిదారు దేశాల వాళ్ళు, బడుల్లో టీచర్లు, బ్యాంకుల్లో పని చేసేవాళ్ళు, బాగా వాయించేవాళ్ళు. మొదట నన్ను చూసీ చూడనట్టు ఉన్నారు. నాలుగో వారానికి నా చెయ్యి చూసి వాయించడం మొదలుపెట్టారు. ఆ రోజు బనియాస్ బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటూ ఉంటే పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

షోకు అయిదు రోజుల ముందు ఆ బయటి దేశపు కండక్టర్ దిగాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడని చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతున్నాను. పని తెలిసినవాడు. మా వాళ్ళ చేతుల్లో తెలుగు కాయితాలు చూసి ముచ్చటపడి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత కండక్టర్ల చేతి కర్ర అందుకుని మొదలుపెట్టాడు.

ఆర్కెస్ట్రా సాగింది. బట్టలుతికే ఆడవాళ్ళ చోటు వచ్చింది. ఆయన కర్ర వాళ్ళ వైపు చూపించాడు, కనుబొమలు ఎగరేశాడు. పెదాలు మాత్రం బిగించుకునే ఉన్నాడు. ఆయన అలవాటు అది. ఇరవై ఎనిమిది మంది ఆయన నోటి వంక చూస్తూ నిలబడ్డారు. అది తెరుచుకోలేదు. వీళ్ళూ తెరవలేదు. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. మూడోసారి పక్కన కూర్చున్న నేను ఉండబట్టలేక పెదాలు కదిపాను. ఇరవై ఎనిమిది తలలూ ఒక్కసారి నా వైపు తిరిగి, ఎదుట ఉన్న కండక్టర్ని వదిలేసి, నన్ను చూస్తూ అద్భుతంగా పాడాయి. ఆర్కెస్ట్రాలో ఎవరో పక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. కర్ర కింద పెట్టి, కాసేపు నన్ను చూసి, ముదీర్‌ని పిలుచుకుని బయటికి వెళ్ళాడు.

ముదీర్ నన్ను రిహార్సల్ జరుగుతున్న హోటల్ వెనక స్టాఫ్ క్యాంటీన్‌కు తీసుకెళ్ళి కరక్ చాయ్ చెప్పాడు.

"అన్నా, సాబ్ రెండు మాటలు జెప్పిండు. మీవోళ్ళే పాడితే రెండు షోలు తనే జేస్తడంట. పోస్టర్ మీద తన పేరుంది, గీ కోరస్‌ను ఇంకొకల చేతుల పెట్టనంటుండు. నువ్వు కింద యాడన్న కూసొని మూతి కదిపితె చాలంట. లేదంటవా, కోరస్‌కు రికార్డింగ్ ఉన్నది, గది ఏస్తం, మీవోళ్ళు ఊకె నోరాడిస్తరు. గట్లయితె రెండో షో నీకిచ్చేస్తడంట. రికార్డింగ్ అయితె ఎవరు జేసినా ఒకటే అన్నడు." ఆగి, నా మొహం చూసి, "గది ఆయన మాట, నాది గాదు" అన్నాడు. "పరేషాన్ గాకు. సాయంత్రం దాంక సోంచాయించు."

సాయంత్రం దాకా అక్కర్లేకపోయింది. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. "రికార్డింగ్ వెయ్యండి" అన్నాను.

"ఖలాస్" అని ముదీర్ లేచాడు.

మా వాళ్ళకు అబద్ధం చెప్పాను. హాలు చాలా పెద్దదనీ, గొంతులు వెనక్కి అందవనీ, అందుకే కంపెనీ వాళ్ళు రికార్డింగ్ వేయాలనుకున్నారనీ చెప్పాను. కుర్ర నర్సులు "అదేంటి బ్రదర్, మైకులు పెట్టొచ్చు కదా" అన్నారు. నేను కసిరాను. ఆచంట పిన్ని చెయ్యెత్తింది.

"అంటే మాస్టారండీ, పాడకూడదాండీ?"

"పాడకూడదు పిన్నీ. పాడుతున్నట్టు ఉండాలి."

"కోవిడప్పుడు ఫోన్లో సేసినట్టాండీ?"

"అంతే. అచ్చం అలాగే."

ఆవిడ కొంచెం ఆలోచించింది. "అప్పుడు పాడేవోళ్ళమేగా అండీ. మీకు ఇనపడేది కాదు గానీ" అంది.

నేను గడియారం చూసుకుని యల్లా, యల్లా, టైం అయిపోతోందని అందరినీ తొందరపెట్టాను.

మొదటి షో ఆయన చేశాడు. మా వాళ్ళు మోకాళ్ళ దాకా పైకి దోపిన గౌన్లలో, తలలకు గుడ్డలు కట్టుకుని, ఎవరివో గొంతులకు నోళ్ళు ఆడించారు. చప్పట్లు బాగానే మోగాయి. షో అయ్యాక ముదీర్ మా ఆవిడ దగ్గరికి వచ్చి, "అక్కా, మీ సార్ వెంటనే ఒప్పుకున్నడు గనక పని అయింది, లేకుంటె రేపటి షో కూడ ఆ సాబే చేస్తుండె" అని మర్యాదగా థాంక్స్ చెప్పాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

మర్నాడు పొద్దున్న టీ గ్లాసు నా ముందు పెట్టి ఆవిడ అంది, "ఏవండీ, మీకు ఈ ఒక్క రోజు ఎంత కావాలో నాకు తెలీదా? అడిగుంటే మేమే నోరు మూసుకుని నిలబడేవాళ్ళం. మీ కోసం. ఇరవై ఎనిమిది మందిలో ఒక్కళ్ళు కూడా కాదనేవాళ్ళు కాదు."

నేను ఇస్త్రీకి ఇవ్వాల్సిన నల్ల కోటు మడతపెడుతున్నాను.

"అడగలేదు చూశారా, అదీ. హాలు పెద్దదన్నారు." గ్లాసు తీసుకుని, నేను ఇంకా తాగలేదని కూడా చూడకుండా సింకులో ఒంపేసింది.

రెండో షో నాది. నల్ల కోటు ఇస్త్రీ చేయించుకున్నాను. కుడి చెవిలో ఒక చిన్న మిషన్ పెట్టారు. రికార్డింగ్‌తో ఆర్కెస్ట్రా కలవాలి కాబట్టి, కోరస్ వచ్చే నాలుగు చోట్లా ఆ మిషన్ టక్ టక్ మని కొడుతుంది, దాని ప్రకారం నేను చెయ్యి ఊపాలి. మిగిలిన చోట్ల సంగీతం నా చేతిలో ఉంది. అబద్ధం ఎందుకు, ఆ మిగిలిన చోట్లు బాగా వచ్చాయి. వయొలిన్లు నేను మెల్లగా అంటే మెల్లగా మోగాయి. హీరోయిన్ పాటలో ఒకచోట నేను రెప్పపాటు ఆగితే అరవై మంది నాతో పాటు ఆగారు. ఆ ఆగిన క్షణంలో నేను పుట్టినందుకు సంతోషం అనిపించింది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ తిట్టుకోలేను.

తర్వాత ఏటి ఒడ్డు సీను వచ్చింది. చెవిలో టక్ టక్ మొదలైంది. కోరస్ వైపు తిరిగి చెయ్యి ఎత్తాను. మూడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, నా నోరు దానంతటదే తెరుచుకుని మొదటి మాట చూపించింది. ఇరవై ఎనిమిది నోళ్ళు తెరుచుకున్నాయి. స్పీకర్లలోంచి ఎవరో పరాయి ఆడవాళ్ళు పాడారు. వాళ్ళ గొంతుల కింద సన్నగా, నిలకడగా, నాకు చాలా బాగా తెలిసిన గొంతు ఒకటి వినపడింది.

ఆచంట పిన్ని పాడుతోంది. మొండితనంతో కాదు. నా నోరు కదిలింది, ఆవిడకు గొంతు వచ్చింది. అంతకు మించి ఆవిడకు ఏమీ తెలియదు. కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. రికార్డింగ్ టక్ టక్ ప్రకారం వెళ్తోంది, ఆవిడ నా నోటి ప్రకారం వెళ్తోంది. రెండింటికీ మధ్య వెంట్రుకవాసి తేడా. ముందు వరుసల్లో ఒకరిద్దరు తల పక్కకి వంచి ఎక్కడిది ఈ గొంతు అన్నట్టు చూశారు. మొదటి వరుసలో ఆ సాబ్ కూడా ఉన్నాడు.

నాకు రెండు దారులున్నాయి. టక్ టక్ వదిలేసి ఆర్కెస్ట్రాను ఆవిడ వెంట నడిపించవచ్చు. రికార్డింగ్ రెండు క్షణాలు గోల చేస్తుంది, సౌండ్ అతను కంగారుపడి ఆపేస్తాడు, మిగిలిన ఇరవై ఏడు మంది నా నోరు చూసి పాడతారు. వాళ్ళకు ప్రతి మాటా వచ్చు. అలా జరిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు తీరిగ్గా అనుకుంటున్నాను. అప్పుడు అనుకోలేదు. ఎడమ చెయ్యి ఆవిడ వైపు చాచి, వేళ్ళు మూసేశాను. ఆపమనే సైగ అది. చేతి సైగల్లో ఆవిడకు నేను నేర్పింది అదొక్కటే.

ఆవిడ ఆపేసింది. నోరు మాత్రం ఆడిస్తూనే ఉంది. పాట అయ్యేదాకా నా పెదాల వంకే చూసింది, ఏం తప్పు చేశానా అన్నట్టు. ఆవిడ పక్కన నిలబడిన మా ఆవిడ నోరు ఆడించడం మానేసి పెదాలు బిగించుకుంది. చివరిదాకా అలాగే నిలబడింది.

షో తప్పు లేకుండా ముగిసింది. ముదీర్ కావలించుకున్నాడు. ఆ సాబ్ వచ్చి చెయ్యి కలిపి, చాలా శుభ్రంగా చేశావన్నాడు. ఆచంట పిన్ని వ్యాన్ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, "నా వల్ల మీ ఆట పాడవలేదు కదండీ?" అని అడిగింది. లేదు పిన్నీ అన్నాను. మేడమ్ కారు పంపదు, వ్యాన్ దిగాక ఆవిడ రెండు కిలోమీటర్లు నడవాలి. ఆ సంగతి నాకు తెలిసి కూడా ఇంటిదాకా దించమని వ్యాన్ అతనికి చెప్పలేదు. జనం నా చుట్టూ ఉన్నారు.

తర్వాత నాకు ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. ముదీర్ ఇప్పుడు పెళ్ళిళ్ళ ఈవెంట్లు చేస్తున్నాడని విన్నాను. నేను జెబెల్ అలీలోనే ఉన్నాను. స్టిక్కర్లు ఇప్పుడు మిషన్ అంటిస్తోంది, నేను మిషన్‌ను చూస్తున్నాను.

షో అయిన మూడో వారం క్వయర్ మళ్ళీ కలిసింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మా ఆవిడ నా అబద్ధం సంగతి వాళ్ళకు చెప్పిందో లేదో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒక పాత కీర్తన తీసి, వరుసలు సరిచేసి, చెయ్యి ఎత్తాను. నోరు కూడా తెరిచాను. అందరూ నా చెయ్యి చూస్తున్నారు. చెయ్యి దిగగానే ఇరవై ఏడు గొంతులు ఒక్క తృటి తేడా లేకుండా అందుకున్నాయి. ఇన్నేళ్ళలో అంత కచ్చితంగా వాళ్ళు ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఏ దేశం నుంచి ఏ కండక్టర్ వచ్చి నిలబడినా ఇక వాళ్ళు పాడగలరు. ఒక్క మనిషి కూడా నా మొహం వంక చూడలేదు.

ఆచంట పిన్ని చివర నిలబడింది. ఆవిడకు కాయితం చదవడం రాదు, చెయ్యి చూసి పాడటం నేను నేర్పలేదు. నా నోరు ఎదురుగానే ఉంది, ఆవిడ కోసమే మాటలు ఒక్కొక్కటీ పెద్దగా చూపిస్తున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళ గొంతులు విని, వాళ్ళ వెనకాలే ఒక మాట ఆలస్యంగా పాడుతోంది.